మీ ప్రశ్నలు, నా జవాబులు: ఆర్కిటిక్‌లో వేసవి పని

రెండు నెలల కిందట ఈ పత్రికలో నా ఉద్యోగం గురించి ఒక పేజీ రాశాను. సముద్రంలో ఉంచే కొలత పరికరాలను సిద్ధం చేయడం, ఎండాకాలంలో ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవులకి వెళ్ళి వాటిని నీళ్ళలో దించడం, ముందటేడు దించినవాటిని పైకి తీయడం నా పని అని అందులో చెప్పాను. దాని మీద వచ్చిన ఉత్తరాలను సంపాదకులు కట్ట కట్టి పంపారు. ఒకే సంగతి అడిగినవాళ్ళకి కలిపి జవాబు రాస్తున్నాను. ఎలుగుబంట్ల ఉత్తరాలే సగం ఉన్నాయి, వాటన్నిటికీ ఒకే పేరా.

మావారూ నేనూ మ్యాప్ తీసి వెతికాం. స్వాల్‌బార్డ్ దొరికింది గానీ మీరు ఉండే చోటు దొరకలేదు. అక్కడ అసలు ఊరంటూ ఉంటుందా? రోజంతా ఏం చేస్తారు? – ఒక గృహిణి, హనుమకొండ

ఊరు ఉందండీ, పేరు నీ-ఓలెసున్. నార్వే దేశానికి బాగా ఉత్తరాన, 78 డిగ్రీల 55 నిమిషాల అక్షాంశం మీద ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం ఇంకా 1,200 కిలోమీటర్ల పైచిలుకు. ఒకప్పుడది బొగ్గు గని ఊరు. 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయాక తవ్వకం ఆపేశారు. ఆ తర్వాత ఊరంతా పరిశోధకులదైంది. వేసవిలో నూరు మంది దాకా ఉంటారు, చలికాలంలో ముప్పై నలభై మందికి మించరు. మన దేశ కేంద్రం 'హిమాద్రి' 2008 జూలైలో అక్కడే మొదలైంది.

ఊరి ముందున్న నీళ్ళ పేరు కాంగ్స్‌ఫ్యోర్డెన్. కొండల మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది, పొడవు ఇరవై కిలోమీటర్ల పైనే. లోపలి కొసన హిమానీనదాలు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి, అప్పుడప్పుడూ పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడతాయి. బయటి కొసన అట్లాంటిక్ నుంచి పైకి వచ్చే వెచ్చటి ప్రవాహం వెళ్తుంటుంది. జూలైలో పడవ ఎక్కి లోపలికి వెళ్తే నీళ్ళు వరద గోదారిలా ఎర్రగా ఉంటాయి. మంచు కరిగి మోసుకొచ్చిన మట్టి అది. బయటి వైపు వెళ్ళేకొద్దీ నీళ్ళు నల్లటి నీలం.

ఈ చల్లటి మంచినీళ్ళు ఎక్కువ వస్తున్నాయా, ఆ వెచ్చటి ఉప్పునీళ్ళు ఎక్కువ వస్తున్నాయా అన్నది ఏడాది పొడవునా కనిపెట్టి ఉండాలి. దానికోసం భారత్ 2014 జూలైలో అక్కడ 192 మీటర్ల లోతున్న చోట ఒక పరికరాల వరస దించింది. పేరు 'ఇండార్క్'. చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కలిసి చేసిన పని. అవును, సముద్రం మచ్చుకైనా లేని హైదరాబాద్‌లోనే దేశానికంతటికీ సముద్ర సమాచారం ఇచ్చే సంస్థ ఉంది. మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు.

ఇక రోజంతా ఏం చేస్తామంటారా? పడవ మీద ఉండేది తక్కువ. ఎక్కువ సమయం గిడ్డంగిలో బల్ల ముందే. పైకి తీసిన ప్రతి పరికరాన్నీ కడిగి, విప్పి, లోపలి సమాచారం కంప్యూటర్‌లోకి దించుకుని, బ్యాటరీ మార్చి, గడియారం సరిచేసి, మళ్ళీ బిగించాలి. మూత కింద రబ్బరు ఓరింగ్ ఉంటుంది. దాన్ని వేళ్ళతో తడిమి చూసి, పలచగా గ్రీజు రాసి కూర్చోబెట్టాలి. ఆ గాడిలో ఒక్క వెంట్రుక ఉండిపోయినా చాలు, నీళ్ళు లోపలికి పోవడానికి. అందుకే ఆ పని చేస్తున్నప్పుడు నాతో ఎవరూ మాట్లాడరు. మా నాన్న కాకినాడ జెట్టీలో డీజిల్ ఇంజిన్ల మెకానిక్. గ్రీజు ఎక్కువ పూసే కుర్రాళ్ళ మీద ఆయన అరుస్తుంటే వింటూ పెరిగాను. ఇప్పుడు ఆ అరుపు నాది.

నీటి అడుగున దాదాపు రెండొందల మీటర్ల లోతులో ఉన్నదాన్ని పైకి ఎలా తీస్తారు? డైవర్లు దిగుతారా? అసలు అది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? – పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

మా ఊరి కుర్రాడివి కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను బాబూ.

ముందు దాని నిర్మాణం. అడుగున ఇనుప బరువు. దాని నుంచి నిటారుగా పైకి తాడు. ఆ తాడుకి అక్కడక్కడా వేర్వేరు లోతుల్లో పరికరాలు. కొన్ని ఉష్ణోగ్రత, ఉప్పు, పీడనం కొలుస్తాయి. ఒకటి నీళ్ళలోకి శబ్దం పంపి, తేలియాడే నలుసుల మీద పడి తిరిగొచ్చే ప్రతిధ్వని శ్రుతి ఎంత మారిందో చూసి, ఏ లోతులో నీళ్ళు ఎటు, ఎంత వేగంతో కదులుతున్నాయో చెప్తుంది. తాడు నిలబడాలంటే పైకి లాగేది ఉండాలి, అందుకు బోలు గాజు గోళాలు గానీ గట్టి ఫోమ్ తేలుళ్ళు గానీ కడతారు. ఈ వరస మొత్తాన్నీ మూరింగ్ అంటాం. పై తేలుడు కూడా నీటి మట్టానికి కిందే ఉంటుంది. నీటి పైన ఉంటే హిమానీనదం నుంచి విరిగి కొట్టుకొచ్చే మంచుగడ్డలు దాన్ని ఈడ్చుకుపోతాయి. కాబట్టి పైనుంచి చూస్తే ఏమీ కనబడదు, చదునైన నీళ్ళు తప్ప.

డైవర్లు దిగరు. ఇనుప బరువుకి కాస్త పైన అకౌస్టిక్ రిలీజ్ అనే పరికరం ఉంటుంది. లావుపాటి గొట్టం, దాని అడుగున ఒక కొక్కెం. అది ఏడాదంతా చెవి ఒగ్గి ఉంటుంది. మేము దించిన చోటికి జీపీఎస్ లెక్క ప్రకారం పడవలో వెళ్తాం, ఇంజిన్ ఆపిస్తాం, పక్క నుంచి శబ్దం పంపి, వినే పరికరాన్ని తీగతో నీళ్ళలోకి వేలాడదీస్తాం. ముందు దాని కోడ్ పంపి పలకరించాలి. బతికుంటే జవాబిస్తుంది. ఆ చల్లటి నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1,460 మీటర్లు వెళ్తుంది. సరిగ్గా మన కిందే ఉంటే వెళ్ళిరావడానికి పావు సెకను. అంతకంటే ఎక్కువ పట్టిందంటే పక్కకి ఉన్నామని అర్థం. మూడు చోట్ల నుంచి అలా దూరం కొలిస్తే అది ఎక్కడుందో కచ్చితంగా తేలుతుంది.

ఆ తర్వాత పంపేది విడుదల కోడ్. మామూలు పలకరింపు కోడ్ వేరు, ఇది వేరు. దారిన పోయే ఓడ చప్పుడుకో, తిమింగలం కూతకో పొరపాటున విప్పుకోకుండా ఉండడానికి. కోడ్ అందగానే లోపలి చిన్న మోటారు తిరిగి కొక్కెం తెరుచుకుంటుంది. ఇనుప బరువు అడుగునే ఉండిపోతుంది, మిగతా వరసంతా తేలుళ్ళ బలంతో పైకి వస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఎక్కడో ఒక చోట పసుపు రంగు బుడగ తేలాలి.

నా ఉద్యోగంలో అసలు టెన్షన్ ఆ ఒకటి రెండు నిమిషాలే. తలా ఒక దిక్కు చూస్తూ నిలబడతాం. పడవ కింద తేలితే పంకాకి తాడు చుట్టుకుంటుంది కాబట్టి అది తేలి కనబడేదాకా ఇంజిన్ వేయనివ్వరు. పడవ నడిపే నార్వే మనిషికి మాత్రం కంగారు ఉండదు, కాఫీ తాగుతూ నిలబడతాడు. ఎప్పుడూ ముందు చూసేది ఆయనే.

ఒకసారి రిలీజ్ "విప్పాను" అని జవాబిచ్చింది గానీ పైకి ఏమీ రాలేదు. దూరం కొలిస్తే అదే లోతు. కొక్కెం తెరుచుకుంది, కానీ దాని చుట్టూ పెరిగిన నాచూ పురుగుల గూళ్ళూ గొలుసు కడియాన్ని వదలడం లేదని ఊహించాం. ఇలాంటి రోజు కోసమే జంట రిలీజ్‌లు పక్కపక్కనే కడతారు, ఒకటి మొరాయించినా రెండోది వదిలేలా. రెండోదానికి కోడ్ పంపాక వచ్చింది. అదీ రాకపోతే పడవ వెనక పొడవాటి తాడుకి కొక్కేల గుత్తి కట్టి, ఆ చోటు చుట్టూ తిరుగుతూ అడుగున దేవాలి. అదృష్టం బాగుంటే తగులుతుంది.

దించేటప్పుడు వరస తలకిందులు. ముందు పై తేలుడు నీళ్ళలో వదిలి, పడవ మెల్లగా ముందుకి పోతుంటే పరికరాలు ఒక్కొక్కటే వెనక్కి జారవిడుస్తాం. అన్నీ నీళ్ళ మీద పొడుగ్గా పరుచుకున్నాక, అనుకున్న చోటు దాటిన కొద్దిసేపటికి, చివర్న బరువు వదులుతాం. అది మిగతావాటిని ఒక్కొక్కటిగా ముంచుకుంటూ పోతుంది. పై తేలుడు కూడా బుడుంగుమని మునిగాక ఇక ఏడాది వరకు దాన్ని ముట్టుకునే వీల్లేదు.

మీరు అరోరా (ధ్రువాల దగ్గర ఆకాశంలో కనబడే రంగుల వెలుగు) చూశారా? ఫొటో పంపగలరా? – చాలామంది

లేదు. మేం వెళ్ళేది వేసవిలో. అక్కడ ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాటేదాకా సూర్యుడు అస్తమించడు. చీకటి లేనప్పుడు అరోరా ఎక్కడ కనబడుతుంది? కిటికీకి నల్ల తెర కట్టుకుని, గడియారం చూసి "ఇప్పుడు రాత్రి" అని మనసుకి చెప్పుకుని పడుకోవడమే. అరోరా కావాలంటే చలికాలం జట్టులో వెళ్ళాలి. మన హిమాద్రిలో చలికాలం జట్లు ఉండడం 2023 డిసెంబరులో మొదలైంది.

ఈ రోజుల్లో ఉపగ్రహాలున్నాయి, వైఫై ఉంది. ఏడాది సమాచారాన్ని నీళ్ళలో వదిలేసి, మళ్ళీ వెళ్ళి తీసుకోవడం పాతకాలపు పద్ధతి కాదా? పోతే ఎలా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

పాతకాలపు పద్ధతేనండి మాస్టారూ. దాటలేకపోతున్నాం.

రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలో ఎంతో దూరం పోలేవు. సమాచారం ఉపగ్రహానికి చేరాలంటే యాంటెన్నా నీటి పైన ఉండాలి. బంగాళాఖాతంలో మన బోయ్‌లు అలాగే చేస్తాయి, పైన తేలుతూ లెక్కలు పంపుతుంటాయి. ఆర్కిటిక్‌లో పైన తేలితే మంచుగడ్డలు బతకనివ్వవని ముందే చెప్పాను. అర్గో తేలుళ్ళని వేరే రకం ఉన్నాయి. ఎటు కొట్టుకుపోతే అటు పోతూ, రెండు వేల మీటర్ల లోతుకి దిగి, పది రోజులకోసారి పైకొచ్చి సమాచారం ఇచ్చి మళ్ళీ మునుగుతాయి. అవైనా మంచు కప్పిన చోట పైకి రాబోతే తల బాదుకుంటాయి. అందుకే పైన నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా తగిలితే వెనక్కి మునిగేలా వాటికి తర్ఫీదు ఇచ్చారు.

వైఫై అన్నారు కదా. నీ-ఓలెసున్ చుట్టూ 20 కిలోమీటర్ల మేర వైఫై, బ్లూటూత్ నిషేధం. అక్కడ నార్వే వాళ్ళ పెద్ద యాంటెన్నాలు అంతరిక్షంలో ఎంతో దూరాన వెలిగే క్వేజార్ల నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో సంకేతాలు వింటుంటాయి. భూమి తిరుగుడులో తేడాలు, ఖండాల కదలిక కొలవడానికి. మన జేబులోని ఫోన్ వాటి చెవిలో అరిచినట్టే. కాబట్టి ఊళ్ళో అడుగుపెట్టగానే ఫోన్ ఫ్లైట్ మోడ్. ఈ మధ్య వచ్చే పరికరాలు కొన్ని బ్లూటూత్‌తో మాత్రమే మాట్లాడతాయి, అవి మాకు అక్కడ ఎందుకూ పనికిరావు. కేబుల్ పెట్టే తొర్ర ఉందా అని కొనేముందే చూసుకోవాలి. మా సామాన్ల పెట్టెలో బట్టల కంటే కేబుళ్ళే ఎక్కువ.

పోతే ఏడాది సమాచారం పోయినట్టే. గంటకో లెక్క చొప్పున రాసే పరికరం ఏడాదిలో 8,760 సార్లు కొలుస్తుంది, ఒక్క దెబ్బతో అవన్నీ పోవచ్చు. అందుకే ప్రతి పరికరం తన జ్ఞాపకంలో తానే రాసుకుంటుంది, పక్కది చచ్చినా ఇది బతుకుతుంది. బ్యాటరీ కూడా పన్నెండు నెలలకి సరిపడా కాకుండా ఇంకొన్ని నెలలు ఎక్కువకే లెక్కవేస్తాం. వాతావరణం బాగోలేక పడవ దొరక్కపోతే, జట్టుకి వీసా ఆలస్యమైతే, అది ఎదురుచూడగలగాలి.

ఉప్పదనాన్ని మూడో దశాంశం దాకా కొలుస్తామని రాశారు. ఏడాదంతా నీళ్ళలో నాని, పాచి పట్టిన పరికరం చెప్పే మూడో దశాంశాన్ని ఎలా నమ్మాలి? – ఫిజిక్స్ లెక్చరర్, నంద్యాల

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. నిజానికి అసలు పని ఇదే, మిగతాదంతా బరువులెత్తడం.

ఉప్పుని నేరుగా ఎవరూ కొలవరని మీకు తెలుసు. నీళ్ళలో విద్యుత్తు ఎంత తేలిగ్గా పోతుందో కొలిచి, ఉష్ణోగ్రత, పీడనం కలిపి లెక్కకడతాం. చిక్కేమిటంటే, ఆ వాహకత ఉష్ణోగ్రతని బట్టి విపరీతంగా మారుతుంది. ఉష్ణోగ్రతలో డిగ్రీలో నూరో వంతు తప్పు పోతే ఉప్పు లెక్కలో కూడా సుమారు 0.01 తప్పు వస్తుంది. కాంగ్స్‌ఫ్యోర్డెన్ మీద పనిచేసేవాళ్ళు నీళ్ళ జాతులను విడదీయడానికి గీతలు గీసుకున్నారు: లవణీయత (కిలో నీళ్ళలో సుమారు ఎన్ని గ్రాముల ఉప్పు అన్న లెక్క) 34.65 దాటి, ఉష్ణోగ్రత 3 డిగ్రీలు దాటితే అది అట్లాంటిక్ నీరు. అంత సన్నటి గీత మీద తీర్పు చెప్పేటప్పుడు సెన్సర్ కొంచెం తూలినా కథ మారిపోతుంది. మన బంగాళాఖాతం ఉత్తర కొసలో వానల తర్వాత పైనీటి లవణీయత 30 కంటే కిందికి పడిపోతుంది, అక్కడ రెండో దశాంశం తప్పినా కొంపలు మునగవు. ఇక్కడ మునుగుతాయి.

వాహకత సెన్సర్ అంటే ఒక సన్నటి గాజు గొట్టం. దాని లోపలి కొలతే దాని కొలబద్ద. గోడకి పలచటి పాచి పట్టిందంటే గొట్టం సన్నబడినట్టు, ఉప్పు తక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. నెలనెలా కొద్దికొద్దిగా తగ్గుతూ పోతుంది. చూసేవాడికి "ఆహా, మంచు కరిగి మంచినీళ్ళు పెరుగుతున్నాయి" అనిపిస్తుంది. ఎంత అందమైన గ్రాఫో! మొత్తం పాచి.

దీనికి మందు ఓపిక. మూరింగ్ పైకి తీసే ముందు, దాని పక్కనే పడవలోంచి ఇంకో సీటీడీ దించుతాం. సీటీడీ అంటే వాహకత, ఉష్ణోగ్రత, లోతు ఒకేసారి కొలిచేది, ఈ మధ్యే కాలిబ్రేట్ చేసి, అంటే కొలత సరిచూసి తెచ్చింది. కింద ఉన్నదీ పైనుంచి దించినదీ ఒకే గంటలో ఒకే లోతులో ఏం చెప్తున్నాయో పోలుస్తాం. దాంతో పాటు నిస్కిన్ సీసాలతో ఆ లోతు నీళ్ళు పట్టి తెస్తాం. రెండు పక్కలా మూతలు తెరిచి దించి, కావలసిన చోట మూయించే గొట్టాలవి. ఆ నీళ్ళని గాజు సీసాల్లో బిగించి, ప్రయోగశాలలో లవణీయత ముందే తేల్చిన ప్రామాణిక సముద్రజలంతో సరిపోలుస్తారు. మూత వదులైతే నీరు ఆవిరై ఉప్పు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి సీసా మూత బిగించే మనిషి మీద కూడా శాస్త్రం ఆధారపడి ఉంది! కొత్త మూరింగ్ దించాక మళ్ళీ ఇదే తంతు. ఏడాది మొదట ఒక సాక్ష్యం, ఏడాది చివర ఒక సాక్ష్యం. మధ్యలో సెన్సర్ ఎంత తూలిందో ఆ రెండిటితో సరిదిద్దుతాం. రెండో సాక్ష్యం లేకపోతే మూడో దశాంశం గురించి మాట్లాడకూడదని నా అభిప్రాయం. పడవ సమయం చాలదని ఈ పోలిక ఎగ్గొట్టే జట్లని చూశాను. నాకు మండిపోతుంది.

చిన్న పక్కదారి. 1893 నుంచి 1896 దాకా సాగిన యాత్రలో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన 'ఫ్రామ్' ఓడని కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి, మంచుతో పాటు కొట్టుకుపోతూ కొలతలు తీశాడు. చల్లటి పైనీటి కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చటి నీటి పొర ఉందని చూపించింది ఆ ప్రయాణమే. ఆయనకి తన థర్మామీటర్ల మీద ఎప్పుడూ అనుమానమే. తర్వాత లోతు నీళ్ళు పట్టడానికి ఇంకా మెరుగైన సీసా ఆయనే తయారుచేశాడు, అది ఆయన పేరుతోనే నిలిచింది. ఓడలో అంతమందికీ లేని ఆ అనుమానమే ఆయన్ని గొప్పవాణ్ణి చేసిందనుకుంటాను.

మా అమ్మాయి ఓషనోగ్రఫీ చదువుతానంటోంది. చలి, ఎలుగుబంట్లు, తిండి... తల్లిగా భయంగా ఉంది. – నెల్లూరు

తిండి సంగతి ముందు చెప్తాను. ఊరంతటికీ ఒకటే భోజనశాల. చెప్పులూ బూట్లూ గుమ్మంలో వదిలి, మేజోళ్ళతో లోపలికి వెళ్ళాలి, మనింట్లోలాగే. శాకాహారం దొరుకుతుంది. నార్వే వాళ్ళ గోధుమరంగు తియ్యటి చీజ్‌కి అలవాటు పడేవాళ్ళు పడతారు, నేను పడలేదు. కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్తాను.

చలి మీరనుకున్నంత లేదు. జూలైలో ఐదారు డిగ్రీలు. కాకపోతే పడవ మీద గాలి, తుంపర్లు. నీళ్ళలో పడితే తేలేలా, వెచ్చగా ఉంచేలా ఒంటికి ఒకే ముక్క సూట్ వేస్తారు. అది వేసుకున్నాక బాత్‌రూమ్‌కి వెళ్ళడం పెద్ద కార్యక్రమం కాబట్టి అమ్మాయిలు నీళ్ళు తాగడం మానేస్తుంటారు. అది మంచిది కాదు, మీ అమ్మాయికి ముందే చెప్పండి. అసలు కష్టం వేళ్ళకి. గ్లౌజులతో ఓరింగ్ పట్టుకోలేం.

ఎలుగుబంట్లు ఉన్నాయి, ఊళ్ళోకి కూడా వస్తాయి. ఊరు దాటి వెళ్ళేవాళ్ళు తుపాకీ, ఫ్లేర్ గన్ శిక్షణ తీసుకుని, అవి వెంట ఉంచుకుని తీరాలి. ఊళ్ళో ఇళ్ళకి తాళాలు వేయరు, ఎలుగు కనబడితే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరిపోవచ్చు. కాల్చడం ఆఖరి సంగతి, దూరం నుంచే చూసి వెనక్కి రావడం పని. నిజంగా రోజూ వెంటబడి తల మీద పొడిచేది మాత్రం ఆర్కిటిక్ టెర్న్ అనే పిట్ట. గూడు దారి పక్కనే పెడుతుంది, దగ్గరికి వెళ్తే ఊరుకోదు. తల కంటే ఎత్తుగా ఒక కర్ర పట్టుకుని నడిస్తే ఆ కర్రని పొడుస్తుంది.

మీ అమ్మాయికి ఇంకో మాట. ఎమ్మెస్సీతో పాటు టంకం వేయడం, తాడు ముడులు, మల్టీమీటర్ వాడకం నేర్చుకోమనండి. గ్రాఫులు గీసేవాళ్ళు బోలెడంతమంది దొరుకుతారు. పడవ మీద ఊగుతూ తెగిన కేబుల్ అతికేవాళ్ళకి మాత్రం ఎప్పుడూ కరువే.

ప్రతి ఏడూ ఇనుప బరువు అడుగున వదిలేస్తామని మీరే రాశారు. విమానాల్లో వెళ్తారు, డీజిల్ పడవలు వాడతారు. వాతావరణ మార్పు చూడ్డానికి ఇదంతా చేయడం హిపోక్రసీ కాదా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఇనుము వదిలేస్తున్న మాట నిజమే. చాలా దేశాల వాళ్ళు పాత రైలు చక్రాలనే బరువుగా వాడతారు. ఇనుము తుప్పుపట్టి మట్టిలో కలుస్తుంది. ప్లాస్టిక్ తాళ్ళు మాత్రం అడుగున వదలకూడదు, పైకి రావాల్సిందే. విమానం విషయంలో సమర్థించుకోను. సామాన్లు ఓడలో పంపుతాం. లిథియం బ్యాటరీలకి విమానంలో ఆంక్షలు ఎక్కువ కాబట్టి అది తప్పదు కూడా. మనుషుల్ని వీలైనంత తక్కువ పంపాలి. ముగ్గురితో అయ్యే పనికి ఎనిమిది మంది వచ్చి హిమానీనదం ముందు ఫొటోలు దిగడం నాకూ నచ్చదు.

బంగాళాఖాతం వదిలేసి ఎక్కడో మంచులో డబ్బు పోస్తున్నారు. దానివల్ల మాకేంటమ్మా? – వేటకెళ్ళే మత్స్యకారుడు, పూడిమడక

రేపు పొద్దున మీ వలలో పడే చేపకి దానివల్ల ఏ లాభమూ లేదు అన్నయ్యా. ఉందని చెప్తే అబద్ధం.

ఎల్లుండి సంగతి వేరు. ఆర్కిటిక్‌లో కారా సముద్రమని ఒకటుంది. వేసవిలో అక్కడ మంచు బాగా తగ్గిన ఏళ్ళలో, మన మధ్య భారతంలో సెప్టెంబరులో కుండపోత వానలు ఎక్కువ పడుతున్నట్టు ఒక సంబంధం కనబడుతోందని గోవా కేంద్రం వాళ్ళు 2021లో పరిశోధన పత్రం రాశారు. పైగాలుల దారి మారడం వల్ల ఇలా కావచ్చని వాళ్ళ వాదన. సంబంధం కనబడడం వేరు, ఇదే కారణమని రుజువవడం వేరు. రుజువు కావాలంటే మంచు తగ్గేటప్పుడు అక్కడి నీళ్ళు ఏం చేస్తున్నాయో ఏళ్ళ తరబడి కొలిచిన లెక్క ఉండాలి. అది ఇంకెవరో కొలిచి ఇస్తారని కూర్చోకుండా మనమూ కొలుస్తున్నాం. ఖర్చు ఎక్కువా అంటే, బంగాళాఖాతంలో పనికి ఇంకా డబ్బు కావాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు. రెండూ కావాలి.

మీకు చేపలు ఎక్కడ దొరకొచ్చో రేవుల్లో బోర్డు మీద రాసేదీ, ఫోన్‌కి పంపేదీ ఇన్‌కాయిస్ వాళ్ళే, ఉపగ్రహం చూసిన నీటి వేడిని, నీటి రంగును బట్టి. అలలు, ఉప్పెన హెచ్చరికలూ వాళ్ళవే. ఆ లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి నీళ్ళలో మన బోయ్‌లు ఉండాలి.

ఇప్పుడు మీకు నాదొక విన్నపం. ఆర్కిటిక్‌లో మా పరికరాలకి మంచుగడ్డలు శత్రువులు. బంగాళాఖాతంలో మా బోయ్‌లు ఎక్కువగా దెబ్బతినేది మనుషుల వల్ల. దాని నీడన చేపలు చేరతాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే పడవలొచ్చి దానికి తాడు కట్టుకుంటాయి, లంగరు తాడు తెగుతుంది, బోయ్ కొట్టుకుపోతుంది. కొందరు సోలార్ పలకలూ విప్పుకుపోతారు. మరుసటి తుఫానుకి ఆ చోటు నుంచి గాలి లెక్క, అల లెక్క రాదు. సముద్రంలో పసుపు రంగు బోయ్ కనబడితే దూరంగా వల వేసుకోండి, దానికి పడవ మాత్రం కట్టకండి. ఒంటరిగా కొట్టుకుపోతున్నది కనబడితే ఉన్న చోటు జీపీఎస్‌లో నొక్కి పెట్టుకుని, ఒడ్డుకి రాగానే మత్స్యశాఖ ఆఫీసులో గానీ కోస్ట్‌గార్డ్‌కి గానీ చెప్పండి.